కంపము గేరుబాక్సుదా, నిప్పురవ్వదా?

మోటారు షెడ్లలో అనుదినము జరుగు పొరపాట్లలో మిక్కిలి ఖరీదైనది ఏదియని నన్నెవరైన అడిగినచో, కొన్ని వందల రూపాయల స్పార్కు ప్లగ్గు చేసిన తప్పునకు లక్ష రూపాయలకు చేరువయగు వ్యయముతో గేరుబాక్సును దించి విప్పుటయే యని సంకోచింపక చెప్పుదును. కారు రహదారిపై సాఫీగా పోవుచుండగా, డెబ్బది ఎనుబది కిలోమీటర్ల వేగమున, టోలుగేటుకు ముందు రోడ్డునకు అడ్డముగా వేసిన తెల్లని గట్లమీదుగా పోయినట్లు సీటు క్రింద ఒక వణకు పుట్టి, రెండు మూడు క్షణములుండి అణగిపోవును. యజమాని షెడ్డునకు పోవును. మెకానిక్కు కారును ఒక చుట్టు త్రిప్పి తెచ్చి, "గేరుబాక్సు పోయింది సార్, దించాల్సిందే" అనును. గేరుబాక్సు దిగును, పక్షము దినముల పిమ్మట మరల ఎక్కును, డబ్బు చేతులు మారును. కారు రహదారి ఎక్కిన సాయంకాలమే ఆ వణకు ఆ వేగముననే తిరిగి పలుకరించును. దీనికి విపర్యయముగా జరుగుటయు కద్దు: ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజెక్టరులు వరుసగా మార్చి మార్చి, బిల్లు పెరిగిన పిమ్మట, దోషము ఆటోమేటిక్ గేరుబాక్సు ముందున్న కన్వర్టరులో నున్నదని తేలును. ఈ ఉభయ నష్టములకును మూలమొక్కటియే: ప్రశ్న వేయుటకు ముందే సామాను మార్చు తొందర. చేత పానా యొక్కటియు లేని సామాన్య యజమాని సైతము, తన పాదములను, చెవులను, అరగంటసేపు రద్దీలేని రోడ్డును సాధనములుగా గొని, దోషము ఏ వైపున నున్నదో చాలవరకు నిర్ణయింపగలడు. ఆ నిర్ణయమును చేయు విధమే ఈ అధ్యాయమునకు విషయము.

ఈ రెండు దోషములును ఒకదానినొకటి ఇంతగా పోలియుండుటకు హేతువును మొదట గ్రహింపవలెను. అది గ్రహింపనివానికి పరీక్షలన్నియు కంఠస్థములైనను ప్రయోజనము లేదు. ఆటోమేటిక్ బండిలో ఇంజనునకును గేరుబాక్సునకును నడుమ టార్క్ కన్వర్టరు ఉండును. జర్మనీ దేశీయుడైన హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల నిమిత్తమై రూపొందించిన ద్రవసంధాన సూత్రమే దీనికి మూలము: ఇంజను త్రిప్పెడి రెక్కలు నూనెను చిమ్మును, ఆ నూనె ఎదుటి రెక్కలను త్రిప్పును, రెండింటికిని నడుమ లోహసంబంధ మెట్టిదియు లేదు. ఈ నూనె ఇంజనులోని చిన్న చిన్న కుదుపులనన్నింటిని మ్రింగివేయును గావున ప్రయాణము సుఖముగా నుండును. కాని నూనెలో సదా కొంత జారుడు ఉండుటచే పెట్రోలు వృథాయగును. ఆ వ్యర్థతను నివారించుటకై వేగము కుదిరిన తరువాత రెండు వైపులను గట్టిగా పట్టి కలిపెడి లాకప్ క్లచ్‌ను కన్వర్టరులో అమర్చిరి. 1949లో అమెరికాలోని పాకార్డ్ కంపెనీ వారు తమ అల్ట్రామాటిక్ గేరుబాక్సులో దీనిని ప్రవేశపెట్టిరి. 1970 తరువాత చమురు ధరలు పెరిగి, ప్రతి లీటరును లెక్కింపవలసిన కాలము వచ్చినప్పుడు ఇది సర్వసామాన్యమైనది.

కీలకమంతయు ఇచ్చటనే యున్నది. లాకప్ పట్టుకొన్న ఉత్తరక్షణమున నూనె మెత్తదనము తొలగిపోయి, ఇంజను చక్రములతో సూటిగా ముడివడును. అంతవరకు నూనెలో అణగియున్న ఇంజను తొట్రుపాటు అప్పుడు దాపరికము లేక సీటువరకు వచ్చును. ప్లగ్గు బలహీనపడి ఒక సిలిండరు అప్పుడప్పుడు మండక పోవుచున్నదనుకొనుడు. లాకప్‌నకు ముందు ఆ లోపము ప్రయాణికునకు తెలియదు, లాకప్ పడగానే తెలియును. చూచువాడు, "కన్వర్టరు పట్టుకొన్నప్పుడే కదా వణకు పుట్టినది, కావున తప్పు కన్వర్టరుదే" యని నిశ్చయించును. దోషము బయటపడిన చోటునే దోషము పుట్టినచోటుగా భావించుట తర్కములో ఎంత ప్రమాదకరమో, మోటారు షెడ్డులో అంతకంటె ప్రమాదకరము. ఏలయన తర్కములో ఓడినవాడు బిల్లు కట్టనక్కరలేదు.

ఇక నిప్పురవ్వ పక్షమును చూతము. బ్యాటరీలోని 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిలు ఇరువది ముప్పది వేల వోల్టులకు పెంచి ప్లగ్గునకు పంపును. ప్లగ్గు కొనలయందున్న సుమారు మిల్లీమీటరు సందును ఆ విద్యుత్తు దాటినప్పుడు రవ్వ పుట్టి పెట్రోలు ఆవిరి మండును. రెండు లోహపు కొనల నడుమనున్న వాయువును భేదించుటకు వలయు వోల్టేజి ఆ వాయువు యొక్క పీడనమును, సందు యొక్క వెడల్పును బట్టి మారునని ఫ్రెడరిక్ పాషెన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1889లో నిరూపించెను. దీనినుండి యజమానికి పనికివచ్చు సత్య మొకటి వెలువడుచున్నది. ఆక్సిలరేటరు ఎక్కువగా త్రొక్కినకొలది సిలిండరులోనికి గాలి ఎక్కువగా వచ్చును, పీడనము పెరుగును, రవ్వ దూకుటకు అధికమైన వోల్టేజి కావలసివచ్చును. ప్లగ్గు అరిగి సందు పెరిగినను, పింగాణీ పగిలినను, కాయిలు క్రిందనున్న రబ్బరు తొడుగు చిట్లినను, విద్యుత్తు కష్టమైన మార్గమును విడిచి సులువైన పగులుగుండా ప్రక్కనున్న లోహములోనికి పారిపోవును. ఆ విడత ఆ సిలిండరు మండదు. దీనినే మన మెకానిక్కులు "మిస్సింగు" అందురు. భారము లేనప్పుడు, అనగా కారు నిలిచియున్నప్పుడు, ఆ ప్లగ్గే ఆ కాయిలే చక్కగా పనిచేయుచున్నట్లు కనబడును. తిరుమల ఘాటు ఎక్కునప్పుడో, అరకు దారిలో అనంతగిరి మలుపులయందో, పై గేరులో తక్కువ ఆర్.పి.ఎం.తో లాగునప్పుడో దాని బలహీనత బయటపడును. వానకాలమున తేమ చేరి పగులుదారి మరింత సులభమగును గావున వణకు హెచ్చును. వర్షము కురిసిన ఉదయమున ఎక్కువగా వణకి, ఎండ ముదిరిన పిమ్మట నెమ్మదించు కారును చూచి గేరుబాక్సును అనుమానించుట అవివేకము; ఆకాశము మబ్బుపట్టినదో లేదో గేరుబాక్సునకు తెలియదు.

గేరుబాక్సు పక్షమున వణకు పుట్టు విధము వేరు. లాకప్ క్లచ్ ఒక్కసారిగా బిగియదు. అనేక వాహనములలో అది కొంచెము జారుచు పట్టవలెనని తయారుచేసినవారే ఏర్పాటు చేసిరి. ఈ జారుడు మెత్తగా జరుగుటకు ఆటోమేటిక్ గేరు ఆయిలులో ఘర్షణను అదుపుచేయు ద్రవ్యములు కలుపుదురు. నూనె క్రొత్తదై యున్నంతకాలము, జారుడు వేగము పెరిగినకొలది ఘర్షణయు స్వల్పముగా పెరుగుచుండును. అట్లుండిననే పట్టు స్థిరముగా నుండును. నూనె ముదిరినను, వేడికి మాడినను, దానిలో తేమ చేరినను, తగని నూనె పోసినను, ఈ సంబంధము తలక్రిందులగును: జారుడు పెరిగినకొలది ఘర్షణ తగ్గును. అప్పుడు క్లచ్ పలక పట్టును, వెంటనే జారును, మరల పట్టును, మరల జారును. క్షణమునకు అనేక పర్యాయములు ఇట్లు జరుగుటయే మనకు తెలియు వణకు. ఫిడేలు తంతిపై కమాను నడచునప్పుడు జరుగునదియు ఈ పట్టుట, జారుటయే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో రాగమై పలికిన భౌతికన్యాయమే ముదిరిన నూనెలో అపస్వరమై పలుకుచున్నది.

ఈ రెండింటి స్వభావమును మనస్సున నిలుపుకొన్నవానికి పరీక్షలు వాటంతట అవియే స్ఫురించును. అన్నింటికంటె సులభమైనది ఉదయపు పరీక్ష. ఇంజను కొంతవరకు వేడెక్కు వరకు లాకప్ క్లచ్‌ను పట్టనీయకుండ కంప్యూటరు ఆపియుంచును. కావున రాత్రియంతయు నిలిపియుంచిన కారును బయటకు తీసి, మొదటి కొలది నిమిషములలో, ఉష్ణోగ్రత సూచిక ఇంకను క్రిందనే యుండగా, మధ్యమ వేగమున నడపి చూడుడు. అప్పుడే వణకు కనబడినచో అది లాకప్‌నకు సంబంధించినది కాదు. లాకప్ అప్పటికి పనిలోనికే రాలేదు. చల్లగా నున్నంతసేపు నిశ్శబ్దముగా నుండి, పది పదునైదు నిమిషముల పిమ్మట నియమము తప్పక వణకినచో అనుమానము కన్వర్టరువైపు మొగ్గును. మొగ్గును అంటిని గాని తేలును అనలేదు. వేడెక్కిన తరువాతనే చెడెడి కాయిళ్లు లోకమున లేకపోలేదు.

రెండవది బ్రేకు పరీక్ష. దీనిని గూర్చి కొంత విస్తరించి వ్రాయవలసియున్నది. ఏలయన దీనిని తెలిసినవారు అనేకులు, సరిగా అర్థము చేసికొన్నవారు కొందరు. పెక్కు ఆటోమేటిక్ వాహనములలో బ్రేకు పెడలును ముట్టినంతనే, వెనుక ఎఱ్ఱదీపము వెలిగించు స్విచ్చియే కన్వర్టరు లాకప్‌ను విడిపించును. వెనుక ఏ వాహనమును లేని సరళమైన రోడ్డుమీద, వణకు పుట్టు వేగమునకు కారును తెచ్చి, కుడిపాదముతో ఆక్సిలరేటరును కదల్చకుండ పట్టి, ఎడమపాదముతో బ్రేకును తాకీతాకనట్లు తాకవలెను. కారు ఆగరాదు, దీపము వెలిగిన చాలును. లాకప్ విడినదనుటకు గుర్తుగా ఆర్.పి.ఎం. ముల్లు సాధారణముగా రెండు మూడు వందలు పైకి లేచును. ప్రక్క సీటులో ఒకరుండి ముల్లును చూచుట మేలు. నడుపువాని దృష్టి రోడ్డుమీదనే యుండవలెను.

బ్రేకు తాకగనే వణకు మాయమైనదనుకొనుడు. పెక్కుమంది ఇచ్చటనే చేతులు దులుపుకొని, కన్వర్టరే దోషియని తీర్పు చెప్పుదురు. ఇది సగము నిజము మాత్రమే. లాకప్ విడినప్పుడు నూనె మెత్తదనము తిరిగి వచ్చినది గదా! ఇంజను మిస్సింగు అయినను ఆ మెత్తదనములో అణగిపోవచ్చును. కావున రెండవ మెట్టు ఎక్కవలెను: బ్రేకు స్విచ్చిని అట్లే లేశముగా పట్టియుంచి, కొలది క్షణములపాటు ఆక్సిలరేటరును మరికొంత త్రొక్కి ఇంజనుపై భారమును పెంచవలెను. కన్వర్టరు తప్పే అయినచో లాకప్ విడియున్నంతసేపు ఎంత త్రొక్కినను వణకు రాదు. బండి మెత్తగా ముందునకు సాగును. రవ్వ తప్పైనచో ఇంజను తొట్రుపడుట, పికప్ అందక కుంటినట్లగుట, నూనె మెత్తదనమును దాటి చేతికి, చెవికి అందును. బ్రేకు తాకినప్పుడు వణకు అణుమాత్రమును మారనిచో, కన్వర్టరును ఆ దినమునకు మరచిపోవచ్చును. ఈ పరీక్షను రెండు మూడు మారులు ఒకే రోడ్డుమీద, ఒకే దిశలో చేయుట మంచిది. ఎత్తుపల్లములు మారినచో ఫలితమును మారును.

భారముతో చేయు పరీక్ష మూడవది. కన్వర్టరు వణకు సామాన్యముగా లలితమైన త్రొక్కుడులో, సమవేగమున, సమతలముపై కనబడును. ఆక్సిలరేటరును లోతుగా త్రొక్కినచో గేరు క్రిందికి దిగి, లాకప్ విడి, వణకు తొలగును. ఇగ్నిషన్ మిస్సింగు ఇందులకు ప్రతికూలముగా, ఎంత భారము మోపిన అంత హెచ్చును. గేరు లీవరును క్రింది గేరునందే నిలిపి, నలుగురిని ఎక్కించుకొని, ఎత్తైన దారిలో ఎక్కుచుండగా గుదికాళ్లు పడినట్లు బండి లాగినచో ప్లగ్గులను, కాయిళ్లను చూడక మరియొక మాట మాటాడరాదు. అయినను ఇది తిరుగులేని శాసనము కాదు. సన్నని త్రొక్కుడులో పెట్రోలు పాలు తక్కువైన మిశ్రమము మండించుటకు కష్టమైనది గావున, బలహీనమైన రవ్వ అచ్చటను తప్పవచ్చును. నేటి కొన్ని గేరుబాక్సులు క్రింది గేర్లలో సైతము లాకప్‌ను పట్టించును. ఒక్క పరీక్షను నమ్ముకొనక, అన్నియు ఒకే వైపు వ్రేలు చూపువరకు ఓపిక పట్టవలెనని చెప్పుటకు ఇదియే కారణము.

సి.ఎన్.జి. కిట్టు అమర్చిన కార్లవారికి భాగ్యవశమున ఒక పరీక్ష అదనముగా లభించినది. హైదరాబాదు, విజయవాడ టాక్సీ డ్రైవర్లు దీనిని పుస్తకము చదువకయే ఎరుగుదురు. గ్యాసును మండించుటకు పెట్రోలునకంటె బలమైన రవ్వ కావలెను. గ్యాసుమీద నడచునప్పుడు వణకి, డాష్‌బోర్డు మీది మీట నొక్కి పెట్రోలునకు మార్చగనే, అదే గేరులో అదే వేగమున, సర్దుకొనెడి కారులో గేరుబాక్సు నిర్దోషి. తాను ఏ ఇంధనముచే తిరుగుచున్నదో దానికి తెలియు మార్గము లేదు. ప్లగ్గులు, కాయిళ్లు, లేనిచో గ్యాసు కిట్టు, ఈ మూడింటిలోనే వెదుకవలెను. ఇంత స్వచ్ఛమైన సాక్ష్యము మోటారు వైద్యములో అరుదుగా దొరకును.

చక్రముల వణకును, బ్రేకు డిస్కుల వణకును ఈ వివాదములోనికి లాగి చిక్కుపెట్టువారు కలరు గావున వాటిని తొలగించు లెక్క ఒకటి చెప్పెదను. చిన్న కారు టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్ల వేగమనగా క్షణమునకు 20 మీటర్లు, కావున చక్రము క్షణమునకు 11 మారులు తిరుగును. ఇంజను నిమిషమునకు 2400 చుట్లు తిరుగుచున్నచో క్షణమునకు 40 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరును రెండు చుట్లకొకమారు మండును గావున, ఒక సిలిండరు పూర్తిగా మండకపోయినచో క్షణమునకు 20 లోపములు. చక్రము వణకు రోడ్డు వేగముతో మారును, ఇంజను వణకు ఆర్.పి.ఎం.తో మారును. అదే వేగమున గేరు మాత్రము మార్చి చూచినచో, మార్పు లేని వణకు చక్రములదో షాఫ్టుదో యగును. స్టీరింగు చేతిలో ఊగుట చక్రముల బ్యాలెన్సింగు లోపము. బ్రేకు త్రొక్కినప్పుడు మాత్రమే వచ్చునది బ్రేకులది. కారును నిలిపి, బ్రేకు త్రొక్కిపట్టి, లీవరు డ్రైవులో నున్నప్పుడు మాత్రము వణకి న్యూట్రలులో ఆగునది పెక్కుసారులు ఇంజను మౌంటింగు రబ్బరు తెగుటచే కలుగును. వీనితో మనకిప్పుడు పని లేదు.

స్కానరును గూర్చి రెండు మాటలు. డాష్‌బోర్డులో ఇంజను దీపము వెలిగినచో స్కానరు తగిలించి సంకేతములను చదివించుట అవశ్యము. పి0300 అనగా ఏ సిలిండరో నిర్ధారింపరాని మిస్సింగు. పి0301, పి0302 మున్నగునవి చివరి అంకెచే ఆ సిలిండరును చూపును. పి0740, పి0741 లాకప్ క్లచ్‌నకు సంబంధించినవి. కాని స్కానరు త్రికాలజ్ఞాని కాదు. ఇంజను ఇరుసు తిరుగు వేగములోని సూక్ష్మమైన తడబాటులను కొలిచి కంప్యూటరు మిస్సింగును ఊహించును. గతుకుల రోడ్డును, కన్వర్టరు వణకును సైతము ఒక్కొక్కప్పుడు మిస్సింగని అది భ్రమించును. అట్లే స్వల్పమైన మిస్సింగు ఒక హద్దు దాటువరకు దీపమును వెలిగింపదు. దీపము లేనంత మాత్రమున ఇగ్నిషన్ నిర్దోషియని ఎంచరాదు. దీపము స్థిరముగా వెలుగక మినుకుమినుకుమన్నచో మాత్రము విచారణకు కాలము లేదు: మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టరులో చేరి మండి దానిని కరగింపగలదు. వేగము తగ్గించి, భారము తగ్గించి, సమీపమున నున్న షెడ్డునకు చేరవలెను.

సంకేతము ఒక సిలిండరును చూపినదనుకొనుడు. అప్పుడు చేయవలసినది సామాను కొనుట కాదు, తారుమారు చేయుట. మూడవ సిలిండరుపై పి0303 వచ్చినచో, ఇంజను ఆపి, మూడవ కాయిలును మొదటిదానిపై, మొదటిదానిని మూడవదానిపై పెట్టి, సంకేతమును చెరిపి, మరల నడుపుడు. లోపము కాయిలుతోకూడ కదలి పి0301 అయినచో కాయిలు చెడినది. మూడవదానియందే నిలిచినచో ప్లగ్గును అట్లే మార్చి చూడుడు. అప్పటికిని కదలనిచో ఇంజెక్టరును, కంప్రెషనును పరీక్షింపవలెను. ఒకమారు ఒక్కటియే మార్చవలెను. నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిళ్లు ఒకేసారి మార్చి వణకును పోగొట్టిన మెకానిక్కు రోగమును కుదిర్చెనేమో కాని రోగమేదియో ఎరుగడు. తీసిన ప్లగ్గు పింగాణీ లేత గోధుమరంగున నున్నచో ఆరోగ్యము, పొడిమసి పట్టినచో పెట్రోలు పాలు ఎక్కువ, జిడ్డుగా నున్నచో ఇంజనాయిలు లోనికి వచ్చుచున్నది, తెల్లగా మాడినచో వేడిమి మీరినది. పింగాణీ ప్రక్కన పైనుండి క్రిందికి సన్నని నల్లగీత యున్నచో విద్యుత్తు పారిపోయిన దారి అదియే. డిస్ట్రిబ్యూటరు, ప్లగ్గు తీగలు గల అంబాసిడర్, పద్మిని వంటి పాత బండ్లకు పెద్దలు చేసెడి చీకటి పరీక్ష నేటికిని చెల్లును: చీకటిలో బానెటు ఎత్తి, ఇంజను నడచుచుండగా, తీగలమీద నీటి తుంపరను సన్నగా చిమ్మినచో పగిలిన చోట నీలిరవ్వలు కనబడును. చేతితో మాత్రము తాకరాదు. అది వేల వోల్టుల వ్యవహారము.

క్లచ్ పెడలు గల మాన్యువల్ బండ్ల సంగతి సులభము. అందులో కన్వర్టరు లేదు. నిలిచిన బండి కదలునప్పుడు, పెడలును సగము విడిచిన స్థితిలో మాత్రమే వణకి, పూర్తిగా విడువగనే ఆగునది క్లచ్ ప్లేటుదో ప్రెషర్ ప్లేటుదో, ఇంజను వెనుక సీలు కారి ప్లేటుకు ఆయిలంటుటదో యగును. పూర్తిగా విడిచిన పిమ్మటను, పై గేరులలోను లాగునప్పుడు వచ్చునది ఇంజనుది. ఏ.ఎం.టి. బండ్లలో పెడలును యంత్రము త్రొక్కుచున్నది, అంతియే భేదము. జంట క్లచ్‌ల గేరుబాక్సులలో పొడి క్లచ్‌లు గలవి రద్దీలో ప్రాకునప్పుడు వణకుట ప్రసిద్ధమే. అమెరికాలో అమ్మిన ఫోర్డ్ ఫోకస్ 2012 మొదలు 2016 వరకు, ఫియెస్టా 2011 మొదలు 2016 వరకు గల నమూనాలలో ఇరుసు సీళ్లనుండి కారిన ఆయిలు పొడి క్లచ్‌లకంటి వణకు పుట్టించిన వృత్తాంతము న్యాయస్థానముల వరకు పోయినది. డీజిలు బండిలో రవ్వయే లేదు. అందులో ఇంజను వణకినచో ఇంజెక్టరులను, పైపులలో చేరిన గాలిని వెదకవలెను. డీజిలు కారునకు "ఇగ్నిషన్ కాయిలు మార్చవలె" నని చెప్పినవాని షెడ్డునుండి వెంటనే బయలుదేరుడు.

పరీక్షలన్నియు కన్వర్టరువైపే చూపినచో గేరుబాక్సును దించవలసినదేనా? అప్పుడును కాదు. మొదటి చికిత్స నూనె. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ బండ్లు, 2015 మొదలు 2019 వరకు గల నమూనాలలో అనేకము, ఈ వణకుతో బాధపడినవి. నూనె తేమను పీల్చుకొనుటయే అందులకు కారణమని కంపెనీయే గుర్తించి, పాత నూనెను కడిగి వేరు రకపు నూనె నింపుమని తన సర్వీసు కేంద్రములకు తెలిపినది. కోట్ల పెట్టుబడి గల సంస్థ సైతము మొదట నూనె మార్చుమనినది. గల్లీ చివరి షెడ్డువాడు మొదట గేరుబాక్సు దించుదుననుట ఏమి న్యాయము? మీ కారు పుస్తకములో వ్రాసిన రకపు నూనెనే, ఆ పరిమాణమునకే, పోయించుడు, సి.వి.టి. గేరుబాక్సునకు దాని నూనె వేరు, సామాన్య ఆటోమేటిక్ నూనె దానికి విషము. తీసిన నూనె ఎఱ్ఱదనము పోయి నల్లబడి మాడు కంపు కొట్టినచో క్లచ్ పొర అరిగినదేమోయని శంకింపవచ్చును. అందులో పాలవంటి తెల్లదనము కనబడినచో రేడియేటరు నీరు చేరినది, ఆ కారును నూనె మార్పొక్కటి కాపాడలేదు. వణకును అణచుననుచు సీసాలలో అమ్మెడి మందులు కొంతకాలము మాటు కల్పించును గాని అరిగిన పొరను పుట్టింపలేవు. వాటిని నేను సిఫారసు చేయను. నూనె మార్చి కొన్ని వందల కిలోమీటర్లు నడపిన పిమ్మటను వణకు తగ్గనిచో, అప్పుడు కన్వర్టరు మార్పును గూర్చి మాటాడవలెను.

మెకానిక్కు వద్దకు పోవునప్పుడు "బండి వణుకుతోంది" అని మాత్రమే చెప్పువాడు తన జేబును అతని ఊహకు అప్పగించుచున్నాడు. వణకు ఏ వేగమున, ఏ ఆర్.పి.ఎం. వద్ద, సమతలముననా ఎత్తునా, చల్లని ఇంజనుతోనా వేడెక్కిన తరువాతనా, ఎండలోనా వానలోనా, బ్రేకు తాకినప్పుడు ఏమైనది, గ్యాసునుండి పెట్రోలునకు మార్చినప్పుడు ఏమైనది, ప్లగ్గులు చివర ఎన్ని వేల కిలోమీటర్ల క్రిందట మార్చినది, గేరు ఆయిలు ఎప్పుడైన మార్చినదా, ఇవి ఒక కాగితముపై వ్రాసి చేతికీయవలెను. నిజమైన పనివాడు దీనిని చూచి సంతోషించును. ఎంతసేపు వెదకవలెనో అంతసేపు అతనికిని మిగులుచున్నది. "మాకు తెలియదా సార్" అని కాగితమును ప్రక్కన పెట్టువానికి మర్యాదగా నమస్కరించి, మరియొక షెడ్డు చూచుకొనుడు. సామాన్య నికెల్ ప్లగ్గుల ఆయువు సుమారు 30,000 మొదలు 40,000 కిలోమీటర్లు, ఇరిడియం ప్లగ్గులది లక్ష కిలోమీటర్ల ప్రాంతము. ఆ గడువు దాటిన కారునందు వణకు పుట్టినచో ప్లగ్గులను మార్చిన పిమ్మటనే మిగిలిన విచారణ. గేరుబాక్సు దించుటకు సమ్మతించుటకు ముందు, బ్రేకు పరీక్షను మెకానిక్కును ప్రక్కన కూర్చుండబెట్టుకొని మీ యెదుటనే మరల చేయింపుడు. తీసిన పాత ప్లగ్గులను, పాత నూనెలో ఒక సీసాడును మీ చేతికీయుమని అడుగుడు.